కారుకు కందెన పూసిన యేసేపు

కారును కనిపెట్టినవాడు ఎవడో గానీ, వాడు ఆదోనికొచ్చి మా యేసేపు తాత ముందు చాప పరుచుకుని కూర్చుని, యాక్సిలేటర్ అంటే ఏమిటో మొదటినుంచి నేర్చుకోవాలి. ఈ మాట తాత ఎన్నడూ చెప్పుకోలేదు. ఆయన తరఫున గొప్పలు చెప్పేవాళ్లు మా ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి నేనే చెబుతున్నాను.

తాత మొదట లక్ష్మీనారాయణ శెట్టిగారి పత్తి బండి తోలేవాడు. 1937లో శెట్టిగారు బళ్లారిలో ఒక పాత కారు కొన్నారు. అమ్మినవాళ్ల డ్రైవరు మూడు రోజులు నేర్పి వెళ్లిపోయాడు. తాతకు ఖాకీ కోటు, టోపీ వచ్చాయి. టోపీ పెట్టుకునే నిద్రపోయేవాడని మా అవ్వ మరియమ్మ సాక్ష్యం.

ఆ కారుకొక రోగం. నొక్కిన యాక్సిలేటర్, కాలు తీసినా ఒక్కోసారి పైకి లేచేది కాదు. బండివాడికి తెలిసిన వైద్యం ఒక్కటే, ఏది బిగుసుకున్నా కందెన పూయడం. ఆముదంలో గడ్డి మసి కలిపిన ఆ కందెనను, ఇరుసుకు పూసినట్టే యాక్సిలేటర్ కడ్డీకి చారెడు పూశాడు. కారు నిలబెట్టేది జిన్నింగు మిల్లు పక్కన. గాలిలో ఎగిరే దూదంతా వచ్చి దాని మీద వాలింది. రోగం ముదిరింది. తాత మందు పెంచాడు.

ఒకరోజు ఆస్పరి దారిలో కారు శెట్టిగారితో సహా జొన్నచేలోకి దూరింది. తలపాగాలోంచి జొన్నాకులు ఏరుకుంటూ శెట్టిగారు అన్నారు: "ఒరే యేసేపూ, ఇంగొక్కసారి ఇది ఇట్ల పరిగెత్తిందంటే, నేను దిగిన ఆడనే నీ ఉద్యోగం సరి. మళ్లా ఎద్దుల తోకలు మెలేసుకో, పో."

తాత టోపీ తడుముకున్నాడు. ఇంకో చారెడు పూశాడు.

పది రోజులకు, శెట్టిగారి కొడుక్కి పిల్లను చూడ్డానికి ఎమ్మిగనూరు ప్రయాణం. వెనక సీట్లో శెట్టిగారు, ఆయన భార్య కమలమ్మగారు, తట్ట నిండా పండ్లు. పిల్ల ఇల్లు వచ్చింది. అరుగు మీద అందరూ లేచి దండాలు పెట్టారు. తాత కాలు తీశాడు. కారు మాత్రం దండాలను దాటి వెళ్లిపోయింది.

"యాడికి పోతాండావురా? ఇల్లు ఎనకబడె!" అని అరిచారు శెట్టిగారు.

"ఈ పక్క ఎండ ఉందయ్యా. సందు తిరిగి నీడకు తెస్తా."

రెండో చుట్టు. మళ్లీ అరుగు, మళ్లీ దండాలు. ఈసారి కమలమ్మగారు కూడా మర్యాదకు కిటికీలోంచి దండం పెట్టారు.

"నిలుపురా, నీ నీడ పాడుగాను!"

"ఇంగా రాలేదయ్యా నీడ."

మూడో చుట్టులో పిల్ల ముసలవ్వ అరుగు మీంచి గొంతెత్తింది. "సూడండే! ఇంటి సుట్టూ మూడు ప్రదక్షిణలు సేసి గానీ లోపలికి రారంట. ఎంత మర్యాద గలోళ్లప్పా!"

ఆ మాట కారులోకి వినపడింది. కోపంతో ఉబ్బిన శెట్టిగారి ముఖం గర్వంతో ఇంకొంచెం ఉబ్బింది. తాత ఇంజను ఆపే స్విచ్చి తిప్పేశాడు. కారు నాలుగు దగ్గులు దగ్గి గడప ముందు నిలిచింది.

"మా ఇంటి ఆనవాయితీ," అంటూ దిగారు శెట్టిగారు. ఇక డ్రైవరును పొమ్మంటే ఆనవాయితీ కూడా పోతుంది.

వాళ్లు లోపల ఉగ్గాని తింటుండగా తాత కారు మూత ఎత్తాడు. ఎదురింటి నేతగాడు లక్ష్మప్ప తొంగి చూసి నవ్వాడు.

"ఇది కడ్డీనా, కుచ్చుల జడనాప్పా? దూది ఎగిరే సోట ఎవడన్నా జిడ్డు పూస్తాడా? మా మగ్గానికి ఇట్ల సేసింటే నీ సేతులు ఇరిసేటోళ్లం."

అంటూనే కిరసనాయిలు, ఒక కోడి ఈక తెచ్చిచ్చాడు. తాత ఈకతో కడిగితే చిన్న దిండుకు సరిపడా నల్ల దూది రాలింది. కడ్డీ టక్కున వెనక్కి వచ్చింది. యుద్ధంలో పెట్రోలు దొరక్క కారు మూలన పడేదాకా మళ్లీ బిగుసుకోలేదు. పెళ్లి కూడా కుదిరింది. కాకపోతే, ఆ తర్వాత ఎప్పుడు వియ్యంకుడింటికి పోయినా శెట్టిగారు ముందు మూడు చుట్లు తిరగాల్సి వచ్చేది.

ఇదంతా రాసి మొన్న తాతకు చదివి వినిపించాను. "అంత బెదిరిపోయినావా తాతా? మూడో సుట్టు దాకా స్విచ్చి గుర్తే రాలేదా?" అన్నాను.

తాత బీడీ ఆర్పాడు.

"మొదటి సుట్టుకే గుర్తొచ్చిందిరా, పిచ్చోడా. కారు నిలిపితే శెట్టి దిగుతాడు. దిగితే నా టోపీ పోతాది. అందుకే సుట్లు తిప్పినా."