సన్యాసమ్మ పచ్చనీళ్ళు

జాలరిపేటలో గురువులు అనే జాలరి చెయ్యి పడని చెంప లేదంటారు. వలలో చేప తక్కువైతే తమ్ముణ్ణి, కూరలో ఉప్పెక్కువైతే పెళ్ళాన్ని బాదేవాడు. తెప్ప విరిగి వేట మానేశాక, 2003లో సబ్బవరం దగ్గర కొర్రమీను పిల్లల్ని పెంచే హేచరీలో మేస్త్రీగా చేరాడు. ఈ విడత పిల్లలు బతికితేనే పనిలో ఉంటావని యజమాని మొహం మీదే చెప్పాడు.

గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మొదటి తిండి రోటిఫర్లు, కంటికి ఆనని నీటి పురుగులు. వాటి తిండి పచ్చనాచు. రెండూ పెంచేది అక్కడి పాత కూలి సన్యాసమ్మ. సీసాల్లో పెంచిన నాచునీళ్ళు పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు పురుగుల తొట్టిలో పోసేది.

"ఇంత పల్చటి నీళ్ళు తాగి ఏటి బతుకుతాయే?" అన్నాడు గురువులు. సముద్రంలో నీళ్ళు పచ్చగా చిక్కబడ్డ చోటే చేప ఉంటుందని వల వేసి బతికిన మనిషి మరి. ఆమె లేనప్పుడు వెనక చెరువులోని చిక్కటి పచ్చనీళ్ళు తోడి నాలుగు బకెట్లు ఆ తొట్టిలో కుమ్మరించాడు.

ఐదో రోజుకు తొట్టిలో పురుగులు దాదాపు లేవు. ఆకలికి కొర్రమీను పిల్లలు ఒకదాన్నొకటి మింగసాగాయి. నోట్లో తోక ఇంకా ఆడుతుండగానే, మింగేదాన్ని మరొకటి పట్టేది.

"ఒలే, ఏటి పోసి సంపేసినావే?" అంటూ గురువులు ఇనప గొట్టం ఎత్తాడు. అడ్డం పెట్టిన సన్యాసమ్మ కుడి మణికట్టు ఫట్‌మంది. కింద పడ్డాక కూడా ఇంకో దెబ్బ వేశాడు.

అరుపులకు ల్యాబ్ చూసే నీలిమ పరుగెత్తుకొచ్చి గొట్టం లాగి అవతల పడేసింది. తొట్టి నీటిచుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి గురువుల్ని చూడమంది.

"ఈ చుక్కలో మిగిలిన నాలుగు పురుగుల్లో ఒక్కదానికీ గుడ్డు లేదు. ఇది సీసాల్లో నాచు కాదు, తీగల్లా సాగిన చెరువు పాచి. వాటికి మింగుడుపడదు. గుడ్లు పెట్టడం మానేసి చచ్చాయి. ఎవరు పోశారు?"

గురువులు సిగ్గుపడుతూ మైక్రోస్కోపు మీంచి తలెత్తాడు.

"నానే," అన్నాడు.

సన్యాసమ్మ లేచింది. ఎడం చేత్తో ఆ గొట్టమే అందుకుని అతని దవడ పగిలేలా కొట్టింది. రెండు పళ్ళు రాలాయి. జీవితంలో మొదటిసారి గురువులు చెయ్యి లేవలేదు.

"ఏటి సూత్తన్నావ్? కొత్త తొట్టి కడుగు. నా సీసా ఎత్తి సెంబెడే పొయ్యి," అంది రొప్పుతూ.

నోటి నెత్తురు చొక్కాకు తుడుచుకుని గురువులు తొట్టి కడిగాడు, బతికున్న పురుగుల్ని అందులోకి మార్చి చెంబెడే పోశాడు. నాలుగో రోజుకు పురుగులు గుడ్లు మోస్తూ కనిపించాయి. ఒకదాన్నొకటి తినగా మిగిలిన పిల్లలు బతికాయి, గురువులు పని నిలిచింది. సన్యాసమ్మ మణికట్టు మాత్రం వంకరగా అతుక్కుంది. ఆమె ఎత్తలేని సీసాలన్నీ ఏళ్ళ తరబడి అతనే ఎత్తాడు. ఆమె అతనితో మళ్ళీ మాట్లాడలేదు.