శనివారం మోగిన గంట

మా అత్తని వీధిలో అందరూ గంటత్త అంటారు. మా నాన్నకి అక్క. వారమంతా దర్జీ కొట్లో చొక్కాలకి కాజాలు కుడుతుంది, ఆదివారం పొద్దున మా చర్చి గంట కొడుతుంది. ఆ గంట మీద మా వీధికున్న నమ్మకం గడియారాల మీద లేదు. గడియారం ఆగిపోవచ్చు, ఫోనులో చార్జింగు అయిపోవచ్చు, గంటత్త మాత్రం తప్పదు. గడియారం చూసుకుని చర్చికి వచ్చేవాణ్ణి మావాళ్ళు కొత్తగా అద్దెకి దిగినవాడనుకుంటారు.

అలాంటి అత్తకి దిగులు పట్టుకుంది. ఎవరో పోయినందుకో, ఎవరో ఏదో అన్నందుకో కాదు. కారణమంటూ ఉంటే దాంతో పోట్లాడి గెలిచేది, ఆవిడ నోటి ముందు ఏదీ నిలవదు. ఇది ఊరికే వచ్చి కూర్చుంది. నిద్ర పోయింది, ఆకలి పోయింది. తలుపు గడియ వేశానా లేదా అని లేచి చూసొచ్చేది, పడుకునేది, మళ్ళీ లేచేది. కొట్లో సగం కుట్టిన కాజా ముందు సూది పట్టుకుని అలాగే ఉండిపోయేది. చివరికి కొట్టు మానేసి మంచమెక్కింది.

ఇక పరామర్శలు! "విశ్వాసం గట్టిగా ఉంటే దిగులెందుకొస్తుంది వదినా?" అంది పక్కింటి పిన్నిగారు, మా టీ తాగుతూ. నాకు ఒళ్ళు మండింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, రోజూ మాత్రలు వేసుకుంటుంది. మోకాళ్ళకి నొప్పొస్తే తగ్గని విశ్వాసం, మనసుకి దిగులొస్తే ఎలా తగ్గుతుందో చెప్పమన్నాను. సగం కప్పు వదిలేసి వెళ్ళిపోయింది.

నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "అన్ని పనులూ మానేసినా ఫర్వాలేదమ్మా, ఒక్కటి మాత్రం మానకండి. అదేదో మీరే చెప్పండి" అంది. అత్త గంట అని చెప్పింది.

"ప్రార్థన చేద్దామంటే మాట రావట్లేదే. దేవుడు అటు తిరిగి పడుకున్నట్టుంది. గంట కొడితే ఇటు తిరుగుతాడేమో" అంది ఇంటికొస్తూ. అదీ సంగతి. ఆ తాడు అత్త చేతిలో ఉన్నన్నాళ్ళూ నాకు ధైర్యం. అది కూడా వదిలేస్తే అత్త ఇక మనకి దక్కదని నా భయం.

మంచం మీద ఉన్నవాళ్ళకి ఏ రోజైనా ఒకటే. ఒక శనివారం పొద్దున నేను తలంటుకుంటుంటే అత్త లేచింది, బట్టలు మార్చుకుంది, వెళ్ళి గంట కొట్టేసింది.

తల నిండా నురగతో బయటికి తొంగి చూశాను. ఆ రోజు శనివారమని నాకు ఖాయంగా తెలుసు. కానీ వడ్రంగి బాబాయి ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు వేసుకుని పరిగెడుతున్నాడు. చర్చిలో పాటలెత్తుకునే పెద్దమ్మ, తలకి పెట్టుకున్న రంగు చెవుల మీదికి కారుతుంటే, తువ్వాలు చుట్టుకుని ఆయన్ని దాటేసింది. మోకాళ్ళ పిన్నిగారు కూడా పరుగే! ఇంతమందికి ఆదివారమైతే నా ఒక్కదానికి శనివారం ఎలా అవుతుంది? నేనూ లగెత్తాను.

అందరికన్నా ఆఖర్న పాస్టరుగారొచ్చారు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ. రోజు మరిచిపోయి ప్రసంగం సిద్ధం చేసుకోలేదని ఆయన కంగారు ఆయనది. ఒక పాట పాడేశాం. రెండోది ఎత్తుకోబోతుంటే పోస్టుమాన్ గుమ్మంలో సైకిలాపి, "ఏంటండీ, శనివారాలు కూడా పెట్టారా?" అన్నాడు.

అందరి తలలూ తాడు పక్కన నిలబడ్డ అత్త వైపు తిరిగాయి.

ముందు పాస్టరుగారికే నవ్వాగలేదు. నురగ ఎగిరి మైకు మీద పడింది. ఇక చూడాలి, బెంచీలు ఊగిపోయాయి. "క్యాలెండర్లో శనివారమనే ఉంది, నేనే తప్పు చూశాననుకున్నా!" అన్నాడు వడ్రంగి బాబాయి. "నేనూ అంతే!" "నేనూ!" తప్పు తన ఒక్కడిదే అనుకుని, పక్కవాణ్ణి అడగడానికి సిగ్గుపడి, వీధి మొత్తం పరిగెత్తుకొచ్చింది.

పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. "మనం రోజూ చేసేదీ ఇదే కదర్రా. లోపల దిగులుగా ఉంటే, అందరూ బాగానే ఉన్నారు, తేడా నాకొక్కడికే అనుకుని నోరు మూసుకుంటాం. పూర్వం ఒక ప్రవక్త చెట్టు కింద పడుకుని, ఇక చాలు, చచ్చిపోతానన్నాడు. విశ్వాసం చాల్లేదని దేవుడు తిట్టాడా? లేదు. పడుకోనిచ్చాడు. లేపి తిండి పెట్టించాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు. ఇవాళ్టికి ఇంతే, నాకు సగం గడ్డం మిగిలుంది" అన్నారు.

ఎవరూ కదల్లేదు. రాత్రిళ్ళు తనకి గుండె దడదడలాడుతుందనీ, ఇంట్లో కూడా చెప్పలేదనీ వడ్రంగి బాబాయి చెప్పాడు. అప్పుడు పక్కింటి పిన్నిగారు లేచి, "నేను వేసుకునే మాత్రలు మోకాళ్ళవి కాదు" అని కూర్చుంది. నాకు ఆవిడ మీద కోపం ఎటు పోయిందో తెలియదు.

ఇదంతా వినాల్సిన మనిషి మాత్రం అక్కడ లేదు. నవ్వు మొదలవగానే అత్త ఇంటికెళ్ళి ముసుగు తన్నింది.

"తాడు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను. మిగిలింది అదొక్కటే, అదీ పాడు చేశాను. దేవుడు కూడా నవ్వుకునుంటాడు" అంది దుప్పట్లోంచి. ఎంత చెప్పినా వినదే! వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. సాయంత్రం పాస్టరుగారికి చెబితే, "సరే, చూద్దాం" అని ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరారు.

మర్నాడు ఆరాధన వేళయింది. గంట లేదు. వీధిలో అడుగుల చప్పుడూ లేదు. దుప్పటి కాస్త కదిలింది.

"టైమవలేదా?"

"అయ్యింది."

"మరి ఒక్కరూ వెళ్ళరేం?"

లేచి కిటికీ తీసింది. ఎదురుగా తన ఇంటి ముంగిట్లో పాస్టరుగారు బనీను మీద తీరిగ్గా మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. అత్త రేగిన జుట్టుతో, చెప్పుల్లేకుండా వీధి దాటింది. నేను వెనకే.

"ఏంటి పాస్టరుగారూ ఇది? ఆదివారం!"

"అవునా? గంట మోగలేదు కదమ్మా."

"నిన్న మోగింది, అది తప్పు!"

"నిన్న మోగింది, వచ్చాం. ఇవాళ మోగలేదు, రాలేదు. మా లెక్క సరిగ్గానే ఉంది."

అత్త ఆయన్ని వదిలి వడ్రంగి బాబాయి తలుపు బాదింది. ఆయన ఆవలిస్తూ వచ్చాడు, కాళ్ళకి మాత్రం పాలిష్ చేసిన బూట్లు రెండూ ఉన్నాయి. పెద్దమ్మ కిటికీలోంచి, "మోగాక పిలువమ్మా" అంది. అత్త వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిట్టుకుంటూ నడిచింది. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని! తిట్లు వింటూ నేను పొంగిపోయాను.

చర్చి గుమ్మంలోకి విసురుగా వెళ్ళి తాడు పట్టుకుంది. అప్పుడు ఆగింది. పైకి చూసింది.

"ప్రభువా, వీళ్ళందరికీ పిచ్చి పట్టింది. నువ్వే చూసుకో" అంది.

నెలల తర్వాత అత్త నోటి నుంచి వచ్చిన మొదటి ప్రార్థన అది. అని ఊరుకోలేదు, గంట కొట్టింది. వీధిలో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి.

దిగులు పోయిందా అంటే, పోలేదు. మాత్రలున్నాయి, మంచం దిగబుద్ధి కాని రోజులూ ఉన్నాయి. వాటిలో కొన్ని ఆదివారాలు కూడా. అలాంటప్పుడు ఎలాగో లేచొచ్చి, తాడు పట్టుకుని నా వైపు చూస్తుంది.

"ఇవాళ ఆదివారమేనంటావా?"

"నువ్వు కొట్టత్తా, అవుతుంది."