గుర్రపుడెక్క పూసిన గుంట

నా చిన్నప్పుడు, కార్తీక మాసంలో ఒక ఆదివారం, పొద్దున ఎనిమిది గంటలకు ఆత్మకూరు బస్సులో నుంచి మా తాతయ్య తడి గోతాం ఒకటి భుజాన వేసుకుని దిగాడు. డెబ్బైల చివరి మాట ఇది. ఆ గోతాంలో నా గుంట కోసం తెచ్చిన మొక్కలున్నాయి.

మాది ఉదయగిరి కొండ కింద, ఊరికి కాస్త ఎడంగా ఉండే ఇల్లు. గొర్రెలు, మేకలు మేపుకుని బతికేవాళ్ళం. మా వైపు వాటిని జీవాలంటారు. ఆ ఏడు దొడ్డి గోడ పెట్టడానికి నాయన ఇంటి వెనక మట్టి తవ్వాడు. వానలకు ఆ గుంట నిండింది. నాలుగు రోజుల్లో కప్పలు చేరాయి. నేను వంకలో నుంచి చెంబుతో చిన్న చేపలు తెచ్చి వదిలాను. నాయన గుచ్చి మరిచిపోయిన కర్ర మీద ఒక లకుముకి పిట్ట వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. అది నీళ్ళలోకి రాయి పడ్డట్టు పడి, చేపతో లేచి, మళ్ళీ అదే కర్ర మీద వాలేది. మా ఇంట్లో ఆడపిల్లను బడికి పంపే అలవాటు లేదు. పొద్దంతా జీవాల వెంట తిరిగి వచ్చాక నాకంటూ ఉన్నది ఆ గుంట ఒక్కటే.

నాయన దాన్ని పూడ్చేస్తానన్నాడు. నేను అన్నం మానేసి దొడ్డి తడికెకు ఆనుకుని కూర్చున్నాను. చివరికి ఆయనే దిగివచ్చాడు.

"సరే మే, ఎండలు ముదిరేదాకా ఉండనిస్తా. నీళ్ళు కంపు కొట్టినాయంటే మాత్రం ఆ రోజే పూడ్చేస్తా. అప్పుడు ఏడిస్తే వినేది లేదు."

నీళ్ళు కంపు కొట్టకుండా ఏం చేయాలో పక్కింటి అక్కను అడిగాను. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు, మాతో తెలుగు. వాళ్ళ నాయన చెక్క గరిటెలు చెక్కేవాడు. అక్క వాళ్ళ నానమ్మది కొండాపురం పక్క చెరువు కింద ఊరు కాబట్టి నీటి మొక్కలు అక్కకు తెలుసు. ఉత్త నీళ్ళు ఊరికే పాడైపోతాయనీ, అడుగున ఒక దుంప, అంచున కాస్త గడ్డి ఉండాలనీ చెప్పింది. తాతయ్య ఆత్మకూరు పోతున్నాడని తెలిసి, అక్కడి చెరువులో మొక్కలు తెచ్చిపెట్టమని ఆయన వెంట పడ్డాను. ఆయన కాదనలేదు. నా మాట ఎప్పుడూ కాదనేవాడు కాదు.

గోతాం విప్పి గుంట గట్టున పరిచాడు. బురద కరుచుకున్న కలువ దుంప ఒకటి. తుంగ గడ్డలు. జమ్ము వేళ్ళు. వాటి పక్కన, నున్నటి ఆకులతో, ఉబ్బిన కాడలతో, ఊదారంగు పూలగుత్తితో గుర్రపుడెక్క. దాని పై రేకు మీద నెమలికన్ను లాంటి మచ్చ ఉంది. మిగతావన్నీ దాని ముందు చచ్చిన ఎలుకల్లా ఉన్నాయి.

"చిన్న గుంట, అన్నీ పట్టవు. ఒకటి ఏరుకో," అన్నాడు తాతయ్య. "నీ గుంట, నీ ఇష్టం."

నేను అక్క వైపు చూశాను. ఆమె ఏదో అనబోయింది. తాతయ్య గొంతు సవరించుకున్నాడు. అక్క తల వంచుకుని కాలి పట్టా సర్దుకుంది. నాయన బీడీ వెలిగించుకున్నాడు. నేను పూల మొక్కను ఎత్తుకున్నాను. గట్టు జారుతోందని అమ్మ కొంగు దోపుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుని దింపింది. మొక్క నీళ్ళ మీద తేలుతుంటే నాకు పండగలా ఉంది.

అది పిల్లలు పెట్టింది. ఆ పిల్లలు మళ్ళీ పిల్లలు పెట్టాయి. మొదట మురిసిపోయాను. తర్వాత నీళ్ళు కనబడటం మానేశాయి. నేను లాగి గట్టున పారేసేకొద్దీ అవతల మూల నుంచి కమ్ముకుని వచ్చేది. లకుముకి పిట్ట రెండు మూడు సార్లు వచ్చి, దూకడానికి చోటు లేక, కర్ర మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. మాఘమాసం వచ్చేసరికి ఆకుల సందుల్లో నా చేపలు వెల్లకిలా తేలాయి. కంపు ఇంట్లోకి కొట్టింది.

నాయన పార తీసుకున్నాడు. నేను ఏడవలేదు. ఏడవకూడదని ఒప్పందం. పైగా నా చేత్తో నేనే గుంటను చంపుకున్నానని నమ్మాను. అది చూడలేక పక్కింటి అరుగు మీద పోయి కూర్చున్నాను. అక్క వచ్చి పక్కన కూర్చుంది. నేను, "నా వల్లే గదా అక్కా," అన్నాను. ఆమె మా ఇంటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నీ వల్ల కాదు మే. అది వేస్తే గుంట బతకదని మీ తాతకు తెలుసు. మీ నాయనే తెమ్మన్నాడంట. పువ్వుంటే పిల్ల అదే ఏరుకుంటుందని ముందే అనుకున్నారు. నన్ను నోరు మూసుకోమన్నారు."

"నీకూ తెలుసా?"

"తెలుసు."

నేను పరుగెత్తుకుంటూ పోయి తాతయ్యను అడిగాను. ఆయన దాచలేదు. అదే నాకు ఇంకా మండింది. నిలవ నీళ్ళలో నత్తలు చేరతాయట. ఆ నీళ్ళు తాగిన జీవాలకు కార్జంలో జలగ పడుతుందట. గుంటను ఎట్లాగూ ఉంచేది లేదట.

"మేము పూడిస్తే మా మీద పడి ఏడుస్తావు. నీ చేత్తో నువ్వే చేసుకుంటే ఎవురి మీద ఏడుస్తావు? ఇంకెప్పుడూ పువ్వు చూసి మోసపోవులే. మంచిదే గదా, నేర్చుకున్నావు," అని నా తల నిమిరాడు. మంచి పని చేసిన మనిషిలా నవ్వుతున్నాడు.

నేర్చుకున్నాను, నిజమే. కానీ జలగ సంగతి నాకు తెలియనిదా? అంతకు ముందటేడే ఆ జబ్బుతో దవడల కింద నీరు దిగి మా గొర్రెలు చచ్చిపోతుంటే వాటి తలలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదాన్ని. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నేనే తట్ట పట్టుకుని మట్టి మోసేదాన్ని. ఏడ్చి ఉండేదాన్ని, అయినా మోసేదాన్ని. నన్ను ఏడవనివ్వడం కంటే నన్ను దోషిని చేయడం వాళ్ళకు సులువైంది. దానికి పాఠం అని పేరు పెట్టారు. తాతయ్య మీద ప్రేమ పోలేదు. ఆయన ఏదైనా తెచ్చిస్తే మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ వెంటనే చెయ్యి చాపలేదు. ఆయన అది గమనించాడు. ఎందుకని అడగలేదు.

పిల్లల తల్లినయ్యాక అక్షరాలు దిద్దడానికి కూర్చున్నప్పుడు, నేను తప్పు రాస్తే నాకై నేను తెలుసుకునేదాకా చూస్తూ ఊరుకోవద్దని, అప్పుడే చెప్పమని పంతులమ్మను ముందే అడిగాను. నా పిల్లలకు చేదు మాటైనా ఎదురుగానే చెప్పాను. కటువు మనిషినని వాళ్ళు అంటారు. అననీ.

ఆ ఆదివారం గోతాం విప్పినప్పుడు గట్టు మీద ఉన్నవాళ్ళు మా తాతయ్య, మా నాయన, పక్కింటి అక్క, మా అమ్మ, నేను. మా అమ్మకు కూడా తెలుసా అని ఆమె బతికినన్నాళ్ళూ నేను అడగలేదు. అడిగితే చెప్పేదే. అందుకే అడగలేదు.