ఎలక్ట్రిక్ రైల్లో ఏడుపు సీను

మద్రాసు కోడంబాక్కంలో ఒక రచయిత దగ్గర సినిమాకి సీన్లు రాయడం నేర్చుకుంటున్న రోజులవి. రాసేముందు మాటలు పైకి పలికి చూసుకోమనేవారాయన. ఒక సాయంత్రం ఎలక్ట్రిక్ రైల్లో, తల్లి చనిపోయే సీను గొణుక్కుంటున్నాను. "అమ్మా, ఒక్కసారి కళ్లు తెరువమ్మా" అంటుంటే నాకే ఏడుపొచ్చింది.

ఎదురుగా ఉన్న పెద్దావిడ లేచొచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎప్పుడు పోయింది నాయినా మీయమ్మ?"

మా అమ్మ నెల్లూరులో నిక్షేపంగా ఉంది. అయినా తల వంచుకున్నాను.

"ఏడవబాక. ఈడ నేనుండాను గదా" అని కొంగుతో నా మొహం తుడిచింది. ఎగ్మూరు దాకా నా చెయ్యి వదల్లేదు. దిగబోతూ, "నా బిడ్డ పోయినప్పుడు నా పక్కన ఎవురూ కూసోలా" అంది.

తర్వాత చాలా సినిమాలకి రాశాను. తల్లి చనిపోయే సీను వస్తే మాత్రం, ఏదో సాకు చెప్పి ఇంకొకరి చేత రాయించేవాణ్ణి.