ఊసరవెల్లికి కార్తీక మాసం

రోజూ స్నానానికి ముందే ప్రసూన డబ్బాలో నాలుగు కీచురాళ్ళు వేసి, పైన కాల్షియం పొడి చల్లి మెల్లగా కుదుపుతుంది. ఒక్కొక్కదాన్నీ పట్టకారుతో కూతురి ఊసరవెల్లి నోటిదాకా తీసుకెళుతుంది.

నిరుడు అమెరికాలో, నోవై ఊళ్ళోని వాళ్ళింటికి వచ్చినప్పుడు అది బొటనవేలంత పిల్ల. కూతురు స్మృతే దాన్ని కీచురాళ్ళతో మేపేది. కార్తీక మాసం రాగానే, ఇంట్లో ప్రాణహత్య వద్దని ప్రసూన పురుగులు కొనడం మానేసి, కుండీలోని మందారాకులు కోసి పెట్టింది.

"అమ్మా, దానికి క్రికెట్స్ కావాలి. అది గ్రో అవుతోంది."

"నెల్లాళ్ళేగా! మనమూ ఆకులే తింటున్నాం, చచ్చామా?"

"దానికి కార్తీకం తెలీదమ్మా!"

నెల తిరిగేసరికి దాని కాళ్ళు వంగిపోయాయి. ఎదిగే వయసులో సరైన తిండి లేక ఎముకలు మెత్తబడ్డాయనీ, ఇక తిన్నగా కావనీ డాక్టరమ్మ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో స్మృతి ఏడవలేదు. కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంది. ప్రసూన సారీ చెప్పింది. "ఇట్స్ ఓకే" అంది కూతురు, పరాయివాళ్ళతో అన్నట్టు.

ఊసరవెల్లి ఇప్పుడు కొమ్మ ఎక్కలేక, పంజరం అడుగున పరిచిన తువ్వాలు మీదే ఉంటోంది. స్మృతి ఆ గదిలోకి రాదు.