చెల్లి వేలి చుక్క

మీకు చెప్పేస్తాను. మీరు నాకేమీ కారు కాబట్టే చెప్పగలను. పదమూడేళ్ల వయసులో నేను చేసిన పని ఒకటి ఇన్నేళ్లుగా గుండెల మీద బరువుగా కూర్చుంది. అమ్మ కోసమే కదా చేశాను, చిన్నపిల్లనే కదా అని చాలాకాలం నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. కానీ అది తప్పే.

నాకు టైప్ వన్ డయాబెటిస్. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే బతుకు. అప్పట్లో మేం ఫిల్మ్‌నగర్‌లో ఉండేవాళ్లం. అమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు. పొద్దున్నే నా వేలికి సూది గుచ్చి, మీటర్‌లో అంకె చూసి, జూబ్లీహిల్స్‌లో స్టూడియోకి వెళ్లేది. అంకె రెండు వందలు దాటితే ఏడ్చేది. ఏడిస్తే గొంతు బొంగురుపోయేది. అలా ఉంటే స్టూడియో వాళ్లు వెనక్కి పంపేసేవాళ్లు. తెర మీద హీరోయిన్ నవ్వాలంటే ఇంట్లో నా షుగర్ సరిగ్గా ఉండాలన్నమాట.

రాత్రి లెక్క ప్రకారమే తినేదాన్ని. పడుకునే ముందు అంకె చక్కగా ఉండేది. తెల్లారేసరికి రెండు వందల నలభై. ఎక్కడి నుంచి వచ్చిందీ చక్కెర? నిద్రలో లేచి తింటున్నానా? ఆ అనుమానంతో ఒకసారి ఫ్రిజ్ తలుపుకి దారం కట్టి పడుకున్నాను. లేచి చూస్తే దారం అలాగే ఉంది. అంకె మాత్రం ఎప్పట్లాగే రెండు వందలు దాటింది. భయం కన్నా వింతే ఎక్కువగా అనిపించింది.

వింత ఎంతైనా, అమ్మ ఏడుపు ఆగదు కదా. "పెద్దదాన్నయ్యాను, నేనే చూసుకుంటా" అని మీటర్ తీసుకున్నాను. చెల్లిని బాత్రూమ్‌లోకి పిలిచి, టీవీ రిమోట్ దానికే ఇస్తానని ఒప్పించి, దాని వేలి నుంచి చుక్క రక్తం తీశాను. తొంభై ఆరు. అది చూసి అమ్మ నన్ను ముద్దు పెట్టుకుని, కూనిరాగం తీసుకుంటూ వెళ్లింది. ఆ రాగం కోసం రోజూ అదే పని చేశాను.

చెల్లి అంకెను బట్టి నేను ఇన్సులిన్ వేసుకుంటే అది ఏ మూలకు సరిపోతుంది? సాయంత్రం అమ్మ స్వయంగా గుచ్చి చూస్తే బాగా ఎక్కువ ఉండేది. పొద్దున బాగుంది, సాయంత్రం పెరిగింది. అంటే మధ్యలోనే ఏదో తింటోంది అన్నారు డాక్టరు. మధ్యలో ఉన్నది మాతోనే ఉండే నానమ్మ. బడి నుంచి రాగానే అన్నం కలిపి, నేను హోమ్‌వర్కు చేస్తుంటే ముద్దలు పెట్టేది.

"నిజం చెప్పండి అత్తయ్యగారూ, దానికి చాటుగా ఏం పెడుతున్నారు?" అంది అమ్మ.

"నేనెందుకు పెడ్తనమ్మా? మీరు చెప్పినంతనే పెడుతున్న." నానమ్మ నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు బిడ్డా. నేనేమన్న చాటుకు పెట్టిన్నా?"

పెట్టలేదని చెబితే, మరి ఆ చక్కెర ఎక్కడిదని వెతుకుతారు. వెతికితే చెల్లి వేలి దాకా వస్తారు. నేను పుస్తకంలోకి చూస్తూ అన్నాను.

"గుర్తులేదు."

నానమ్మ లేచి లోపలికి వెళ్లింది. వారం తిరక్కుండానే మోతీనగర్‌లో మా మేనత్త ఇంటికి వెళ్లిపోయింది. ఎవరూ పొమ్మనలేదు. కొన్నాళ్లకి నొప్పి అంటూ చెల్లి వేలు ఇవ్వడం మానేసింది. పొద్దున కూడా నా అసలు అంకెలే కనిపించసాగాయి, చెల్లి వేలి సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. నానమ్మ లేకపోయినా షుగర్ ఎందుకు పెరుగుతోందని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు నా చేతికి సెన్సర్ ఉంది. షుగర్ ఎప్పుడెంతుందో ఫోన్‌లో గీతలా కనిపిస్తుంది. ఏమీ తినకుండానే తెల్లవారుజామున ఆ గీత మెల్లగా లేస్తుంది. మనల్ని నిద్ర లేపడానికి ఒంట్లో కొన్ని హార్మోన్లు ఊరతాయట. వాటి మాట విని లివర్ తన దగ్గరున్న చక్కెరను వదులుతుందట. సొంత ఇన్సులిన్ లేని నాలాంటివాళ్లకి దాన్ని ఆపే దిక్కుండదు, ఎదిగే వయసులో మరీను. ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపులో ఆ వేళకి ఇన్సులిన్ కాస్త ఎక్కువ వెళ్లేలా డాక్టరు మార్చారు. ఇప్పుడు చాలా రోజులు గీత పైకి లేవకుండా తిన్నగా సాగుతోంది. ఎంత ముచ్చటైన సంగతో చూడండి! విన్నరోజు గంతులేయబోయి, నానమ్మ గుర్తొచ్చి ఆగిపోయాను. ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే ఈ కారణం అప్పుడే తెలిసేది కదా? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉండేదా, లేక దొరికిపోకుండా ఉంటే చాలనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

మొన్న ఆదివారం మోతీనగర్ వెళ్లాను. గీత చూపించి, చెల్లి వేలితో మొదలుపెట్టి అంతా చెప్పాను. నానమ్మ ఫోన్‌ని కళ్ల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గట్లయితే నా అన్నంల ఏం దోషం లేకుండెనా?"

"లేదు నానమ్మా."

నానమ్మ ఫోన్ నా చేతికిచ్చింది. లేచి కంచం తెచ్చింది. ఆ మాట పడ్డాక ఒక్కసారీ నాకు ముద్ద కలిపి పెట్టలేదు; నేను వెళ్లినప్పుడల్లా చేసినట్టే అన్నం గిన్నెను, గరిటెను నా వైపు జరిపి చేతులు వెనక్కి తీసుకుంది.

నేనే వడ్డించుకున్నాను, నేనే కలుపుకున్నాను. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో మొదటిసారి ముద్ద సాఫీగా గొంతు దిగింది.