ఉయ్యాల బల్లకు టేకు

ఏ వస్తువు కొన్నా మా ఆయన ముందు చూసుకునేది ఒకటే: ఇది టెంపోలో పడుతుందా, బస్సు మీద కట్టొచ్చా. సూరత్‌కు వచ్చిన మా మగ్గాలవాళ్ళందరిదీ అదే ధోరణి. రేపో ఎల్లుండో ఊరికి వాపస్ పోయేవాళ్ళం, బరువు సామాను ఎందుకని ఇనప పెట్టెలు, మడత మంచాలు, మడత కుర్చీలు కొంటారు. కర్ర సామాను జోలికి పోరు. నా పెళ్ళైన కొత్తలో "రెండేండ్లల్ల పోదాం" అన్నాడు. మాకు కూతురు పుట్టి, చదివి, పెళ్ళై ఇదే ఊళ్ళో కతర్‌గామ్‌లో కాపురం పెట్టినా ఆ రెండేళ్ళు పూర్తి కాలేదు. ఈ ఇంట్లో మడతపడని సామాను నేనొక్కదాన్నే అని చాలాసార్లు దెప్పాను. ఆయన నవ్వి ఊరుకుంటాడు. నవ్వి ఊరుకునే మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

నవాగామ్‌లో కింద ఒక గది, పైన ఒక గది ఉన్న చిన్న ఇల్లు కొనుక్కున్నాక కూడా ఆ మాట మారలేదు. గృహప్రవేశం రోజు పాలు పొయ్యి మీద పొంగుతుంటే, "మంచి జాగ, వాపస్ పోయేటప్పుడు అమ్మితే రేటు బాగొస్తది" అన్నాడు. పాలగిన్నె ఆయన నెత్తిన కుమ్మరిద్దామన్నంత కోపం వచ్చింది. మంచి రోజని ఆగాను.

నాకు ఈ ఊరంటే ఇష్టం. మా ఊరంటే ఇష్టం లేక కాదు, చుట్టపు చూపుగా పోయి రావడం ఎంత బాగుంటుందో. కానీ నేను సంసారం నేర్చుకున్నది ఇక్కడ. చీరలకు లేసు కుట్టి నాలుగు రాళ్ళు వెనకేసింది ఇక్కడ. గుజరాతీలో నేను కూరగాయల బండివాడితో పోట్లాడి గెలవగలను. పోట్లాడి గెలిచే ఊరు వదులుకుని ఎక్కడికి పోవాలి? ఇక ఇక్కడే ఉందామని ఆయన నోటితో ఒక్కసారి అంటే చాలనుకునేదాన్ని. అడిగి అనిపించుకోవడం మాత్రం నా వల్ల కాదు.

అందుకని ఉయ్యాల బల్ల అడిగాను. ఇక్కడ గుజరాతీల ఇళ్ళలో అది లేని ముందుగది ఉండదు. పాత అద్దె గదిలో ఉన్నప్పుడు పక్కింటి పెద్దావిడ ఉయ్యాల మీద కూర్చుని లేసు కుట్టేదాన్ని. కాలితో నేలను ఇంత తోస్తే చాలు, నడుము నొప్పి కూడా తెలిసేది కాదు. మాకూ పైగదిలో అలాంటిదే కావాలన్నాను. పైగా మా ఆయనకు ఈమధ్య వడ్రంగం పిచ్చి పట్టుకుంది. ఊరవతల సచిన్ అనే పేటలో, బట్టల మిల్లులో లూమ్ మాస్టరుగా చేస్తాడు. సెలవు వస్తే ఫోనులో వీడియోలు చూసి పీటలు, అరమరలు చేస్తాడు. పీటలు కొంచెం ఊగుతాయి. ఊగేదే అడుగుతున్నాను కాబట్టి ఇబ్బంది లేదన్నాను.

"చేస్త. కాకపోతే రెండు ముక్కలు చేసి నట్టు బోల్టులు పెడత. ఇప్పితే రెండు పలకలు. సంకల వెట్టుకొని పోవచ్చు" అన్నాడు.

"ఎవల సంకల?" అన్నాను. ఆయన టేపు వెతుక్కుంటూ పోయాడు.

కర్రల అడ్డాను ఇక్కడ లాటీ అంటారు. మొదటిసారి అక్కడికి ఆయన ఒక్కడే పోయాడు. ఏం చేశాడో సాయంత్రం గొప్పగా చెప్పాడు. గోడకు నిలబెట్టిన పలకల అంచులను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపి చూశాడట. చెక్క నలుగుతుందా? జన్మంతా బట్ట పట్టిన చెయ్యి, ఏం చూసినా అలాగే చూస్తుంది. తరవాత ఒక్కొక్క పలకా ఎత్తి, అన్నిటికన్నా బరువున్నది ఏరుకున్నాడు. బట్టల లెక్క అదే మరి. బరువుంటే ఒత్తుగా నేసినట్టు, తేలికగా ఉంటే జల్లెడ. ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన ఆ పలకను చూసి నేనూ మురిసిపోయాను. నేనూ మగ్గాలింటి పిల్లనే.

ఎండలు ముదిరేసరికి ఆ పలక అప్పడంలా లేచింది. బరువంతా నీళ్ళ బరువు! పచ్చి చెక్క. నీళ్ళు ఎండుతున్నకొద్దీ అంచులు పైకి తేలి నడుమ గుంట పడింది.

"మగ్గం కాడ జర తడి ఉంటెనే పోగు తెగది" అన్నాడు గొణుగుతూ.

"ఇది పోగా? దీంట్ల చారు పోసుకొని తాగొచ్చు" అన్నాను.

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. నాకు జాలేసింది కానీ నవ్వు ఆగలేదు. కాసేపటికి ఆయనా నవ్వాడు. ఆ పలకను కోసి పీటలు చేశాడు. ఈసారి అవి అంతగా ఊగలేదు.

రెండోసారి నేనూ బయలుదేరాను. బండి వెనక కూర్చుని పోయి లాటీలో దిగగానే రంపపు పొట్టు వాసన ముక్కుకు తగిలింది. రేకుల కింద ఒక పక్క కొత్త పలకలు, ఇంకో పక్క పాత సామాను. పాత సూరత్‌లో పడగొట్టిన ఇళ్ళ దూలాలు, వాకిళ్ళు, మెట్లు. లాటీ యజమాని శేఠ్ పెద్దాయన, నన్ను చూసి కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. తెలియనిది అడగడానికి మా ఆయనకు నామోషీ, నాకు లేదు. ఉయ్యాలకు చెక్క ఎలా ఏరుకోవాలో చెప్పమని అడిగేశాను.

శేఠ్ ఒక పాత టేకు దూలం మీద అరచెయ్యి వేశాడు. "భాభీ, జూనా సాగ్ హై. జో హోనా థా, హో గయా" అన్నాడు. ఇది పాత టేకు, ఎండాల్సింది ఎండిపోయింది, వంగాల్సింది వంగిపోయింది, ఇక దీనికి కొత్తగా వచ్చే కష్టమేమీ లేదని. ఆ మాట నాకు భలే నచ్చింది. మాలాంటి ఈడు వచ్చినవాళ్ళకు కూడా సరిపోయే మాటే.

తరవాత దూలం కొన చూపించాడు. చుట్టూ పాలిపోయినట్టున్న పైచెక్క, దానికి పురుగు పడుతుంది, తీసేయాలి. లోపల నల్లబెల్లం రంగులో ఉన్నది చేవ. కొనలో చీలిక ఉంటే లోపలికి ఎంత దూరం పోయిందో చూడాలి. ఒక కన్ను మూసి దూలం పొడవునా చూస్తే వంకర తెలుస్తుంది. నేను వంగి, కన్ను మూసి, చీర చెంగుకు పొట్టు అంటించుకుంటూ అన్ని దూలాలూ చూశాను. ఏం తెలిసిందో తెలియదు కానీ భలే సరదాగా ఉంది. చివరికి ఒకటి నచ్చింది. ఏ ఇంటి వంటగదిలోనో ఉన్నట్టుంది, ఒక పక్క పొయ్యి పొగ మరక. వేళ్ళతో తడితే ఖంగుమంది.

మా ఆయన దాని కొన ఎత్తి చూశాడు. "తేలికున్నదే ఇది" అన్నాడు అనుమానంగా.

"ఇగో, నువ్వు బట్టల దుకాణం నించి ఇటు రా జర" అన్నాను.

శేఠ్‌కు తెలుగు రాకపోయినా విషయం అర్థమైంది, మీసం కింద నవ్వుకున్నాడు. పనివాడు అయస్కాంతం పట్టి దూలమంతా తడిమాడు. పాత మేకు లోపల ఉండిపోతే కోత మిషను బ్లేడు విరుగుతుందట. దొరికిన మేకులు పీకేశాక శేఠ్ పెన్సిలు తీసి పొడుగెంత కోయాలని అడిగాడు.

మా ఆయన టేపు లాగాడు. "నాలుగున్నర" అన్నాడు. టెంపో లెక్క.

"ఏడడుగులు" అన్నాను నేను. "పండుకుంటే కాళ్ళు సాగాలె."

"ఏడా? మన మెట్లు గుండ్రం మెట్లు. బల్ల పైకెట్ల తిరుగుతదే?"

"పలకలు వేరువేరుగ తీస్కపోదాం. పైననే అతుకు."

"ఎక్కుతయి. మళ్ల దిగాలె గద?"

శేఠ్ పెన్సిలు పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నాకు నోటి దాకా వచ్చింది, ఎందుకు దిగాలని అడుగుదామని. పరాయి మనిషి ముందు ఆ మాట తీయడం ఇష్టం లేక మొహం పక్కకు తిప్పుకున్నాను. మా ఆయన టేపు చుట్టేశాడు. "సరే, బోల్టులున్నయి గద" అన్నాడు తనలో తాను. శేఠ్ ఏడడుగుల దగ్గర గీత గీశాడు. చెక్క దక్కింది, మాట దక్కలేదు అనుకుంటూ ఇంటికి వచ్చాను.

అయినా ఆ తరవాతి రోజులు హాయిగానే గడిచాయి. దూలాన్ని కోయించి తెచ్చిన మూడు పలకలూ మెట్ల మీదుగా నిలువుగా తిప్పి తిప్పి పైకి చేర్చాం. ఆయన డ్యూటీ నుంచి రాగానే చాయ్ తాగి చిత్రిక పట్టేవాడు. మసి లేచిపోయి లోపల తేనె రంగు బయటపడింది. ఇల్లంతా టేకు వాసన, నా లేసుల నిండా పొట్టు. తిట్టుకుంటూ దులుపుకున్నాను కానీ చిత్రిక చప్పుడు వినకపోతే తోచేది కాదు. అప్పుడప్పుడు పిలిచి, "చెయ్యి వెట్టి చూడు" అనేవాడు. నునుపుగా, చల్లగా ఉండేది. ఆ మనిషి మొహంలో అంత సంతోషం నేను చూసి చాలా కాలమైంది. బోల్టుల సంగతి మరిచిపోదామనుకున్నాను. కిటికీలో వాటి పొట్లం కనపడ్డప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

సెలవు రోజు పొద్దున పలకలు అతుకుతానన్నాడు. నేను చాయ్ పట్టుకుని పైకి పోయేసరికి పలకల అంచుల్లో వరసగా రంధ్రాలు చేసి, వాటిలో చెక్క మేకులు దిగగొట్టి, అంచుల పొడుగునా జిగురు రాస్తున్నాడు. బోల్టుల పొట్లం విప్పనేలేదు.

"జిగురు వెడితే మళ్ల ఊడదు" అన్నాను.

"ఊడది" అన్నాడు తలెత్తకుండా. "బోల్టుకు పెద్ద బొక్క గొడితే చేవ ఖరాబైతది. పట్టు, అటు కొస పట్టు. గట్టిగ నొక్కు."

నొక్కాను. పలకల మధ్య నుంచి జిగురు తెల్లగా పైకి వచ్చింది. తడిగుడ్డతో తుడిచాడు. వడ్రంగి చెప్పే కారణమే చెప్పాడు కాబట్టి నేను అంతకు మించి ఆశపడలేదు. పడకుండా ఉండాలని చూశాను.

ఇత్తడి కడ్డీలు తగిలించి ఉయ్యాల ఊపిన సాయంత్రం ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. ఊళ్ళో ఉన్న మా బావగారు ఫోన్ చేశారు. ఎప్పుడూ అడిగే మాటే అడిగి ఉంటారు, వాపస్ ఎప్పుడొస్తున్నారని. ఆయన ఏం చెబుతాడో నాకు కంఠతా వచ్చు కాబట్టి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఏడికి అన్నా వచ్చుడు? నువ్వు, వదినె మీరే రాండ్రి" అన్నాడు. "మంచిగ ఉయ్యాల వెట్టినం. మా ఇంటికి రాండ్రి."

సూరత్‌లో ఎన్ని చోట్లు మారినా, సొంతంగా కొనుక్కున్నాక కూడా, ఊళ్ళోవాళ్ళను పిలిచేటప్పుడు ఆయన "రూముకు రాండ్రి" అనేవాడు. ఇల్లు అనడం ఇదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా కాలితో నేలను గట్టిగా తోశాను.